పెన్‌డ్రైవ్ 1,150 రూపాయలు, ‘ఫిల్టర్ వేయకుండా’ అని అడిగి మరీ తీసుకోండి

తిరుపతిలో గాంధీ రోడ్డు నుంచి గోవిందరాజస్వామి గుడి వైపు తిరిగే సందుల్లో ఒకదాంట్లో పాత రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. పేరు రాయను. కింద కొంచెం తిట్టాల్సి వస్తుంది, ఆ అన్నతో నాకింకా పనుంది. నా కీబోర్డు అడాప్టర్ కాలిపోతే చూపిద్దామని వెళ్లి, అడాప్టర్‌తో పాటు ఒక పెన్‌డ్రైవ్ కూడా కొనుక్కుని వచ్చాను. ఈ రివ్యూ ఆ పెన్‌డ్రైవ్ గురించి.

కౌంటర్ మీద ప్లాస్టిక్ డబ్బాలో పెన్‌డ్రైవులు వరసగా పేర్చి ఉంటాయి, ఒక్కోదానికి తెల్ల టేపు అంటించి స్కెచ్ పెన్‌తో పేరు రాసి ఉంటుంది. అన్నమయ్య, ఘంటసాల, పద్యాలు, నాదస్వరం. ఒకదాని మీద మాత్రం ‘పియానో పాతవి’ అని ఉంది. “ఏమ్మా, మీరు పిల్లోళ్లకు పియానో నేర్పిస్తారు గదా, ఇది సంవత్సరం నుంచి ఇట్లే పడుండాది, ఎవురూ తీసుకోలా, మీరన్నా తీసుకోండి” అన్నాడు. 1,150 చెప్పాడు. బేరమాడితే “పెన్‌డ్రైవే నాలుగు నూర్లు మ్మా” అన్నాడు. ఇచ్చేశాను.

ఇంటికొచ్చి చూస్తే 212 ఫైళ్లు, 1889 నుంచి 1940 దాకా. షోపాన్, లిస్ట్, షూమన్ లాంటి రొమాంటిక్ కాలపు (యూరప్‌లో దాదాపు పందొమ్మిదో శతాబ్దం) కంపోజర్ల పియానో సంగీతం, అది కూడా ఆ కాలంలోనో దాని తోకలోనో పుట్టి పెరిగినవాళ్లు వాయించినది. చెన్నైలో ఎవరో పెద్దాయన దాచుకున్న హార్డ్‌డిస్క్‌లోంచి వచ్చాయంట. దొంగ సరుకేమో అని మొదట నాకూ అనుమానం వచ్చింది గానీ, మన దేశంలో సౌండ్ రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లే, ఈ పాత రికార్డుల్లో చాలావాటికి అది ఎప్పుడో తీరిపోయింది. ఆ టెన్షన్ చాలావరకు లేదు.

నేనెవరో ఒక ముక్క చెప్పాలి, లేకపోతే నా గొడవ అర్థం కాదు. కొర్లగుంటలో మా ఇంట్లోనే ముందు గదిలో 11 మంది పిల్లలకు కీబోర్డు నేర్పిస్తాను. దాదాపు అందరూ గ్రేడ్ పరీక్షలకు వచ్చేవాళ్లే. ఫోన్‌లో మెట్రోనోమ్ టక్ టక్ మంటుంటే రెండు చేతులూ ఒక్క దెబ్బలో పడాలి, కాలం జరగకూడదు, తప్పు స్వరం రాకూడదు, అమ్మానాన్నలు వరండాలో కూర్చుని వింటుంటారు. పదేళ్లుగా ఇదే నా పని. అలాంటి చెవితో ఈ ఫైళ్లు తెరిచాను.

ఫైళ్లు సంవత్సరాల వరసలో పెట్టాడు. మొదటి తప్పు అదే. మొట్టమొదటిది బ్రామ్స్ అనే జర్మన్ కంపోజర్‌ది. 1889 డిసెంబరులో వియన్నాలో ఒక స్నేహితుల ఇంట్లో, ఎడిసన్ దగ్గర పనిచేసే వాంగెమాన్ అనే ఆయన ఫోనోగ్రాఫ్ పట్టుకొస్తే, బ్రామ్స్ తన హంగేరియన్ డాన్సుల్లో మొదటిదాన్ని కొంచెం వాయించాడు, అది మైనపు గొట్టం మీద ఎక్కింది. గొప్ప విషయమే. కానీ వినబడేది ఏమిటంటే, రేకుల కప్పు మీద జోరున వాన పడుతుంటే పక్క వీధిలో ఎవరో పియానో లాంటిది వాయిస్తున్నట్టు ఉంటుంది. మా ఆయన వంటింట్లోంచి “ఏంది, మిక్సీ కాలిపోతా ఉందా?” అని పరిగెత్తుకొచ్చాడు. కొత్తగా కొన్నవాళ్లు ఈ ఫైలుతో మొదలుపెడితే పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి సినిమాలు ఎక్కించుకుంటారు, ఎవరినీ తప్పు పట్టలేం. వెనక నుంచి ముందుకు రండి. 1936తో మొదలుపెట్టి, 1929, 1911, 1903, చెవి కాస్త అలవాటుపడ్డాక ఆఖరున బ్రామ్స్. కొండ మెట్లు దిగినట్టు దిగాలి.

ఇంకో మాట, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినొద్దు. ఇవన్నీ మోనో రికార్డులు, ఆ గీకుడంతా సరిగ్గా తల మధ్యలో కూర్చుంటుంది. చిన్న స్పీకరు ఒకటి గదిలో కొంచెం దూరంగా పెట్టుకుంటే శబ్దం శబ్దంలా, పియానో పియానోలా విడివిడిగా వినబడతాయి. ఎందుకో నాకు తెలీదు గానీ మా ఇంట్లో మాత్రం అంతే.

అసలు ఈ గీకుడు గురించి నాకొక లెక్క ఉంది. చిత్తూరులో మా తాతగారింట్లో గ్రామఫోన్ ఉండేది. చిత్తూరు సుబ్రహ్మణ్యం పిళ్లై గారి ‘మధురానగరిలో’ రికార్డు మొదలయ్యే ముందు పెనం మీద నూనె చిటపటలాడినట్టు ఒక రెండు సెకన్లు వచ్చేది, ఆ చిటపట వినగానే మా అవ్వ చేతిలో పని ఆపేసేది. పాట అయ్యేదాకా ఆ చిటపట ఆగేది కాదు, అయినా రికార్డు చెడిపోయిందని ఆ ఇంట్లో ఒక్కరు కూడా ఎప్పుడూ అనలేదు. అదే చెవులకు ఫారిన్ పియానో అనగానే మాత్రం అద్దంలా తళతళలాడాలా?

పైగా ఆ రికార్డుల్లో ఉన్న లక్క చాలావరకు మనదే. 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు) రికార్డు తయారుచేసిన షెల్లాక్ అంటే లక్క పురుగు నుంచి వచ్చేది, ఏటికొప్పాక బొమ్మలకు పూసే లక్క, పార్సిళ్ల మీద ముద్ర వేసే లక్క. దానికి రాతిపొడి కలిపి అచ్చుపోసేవాళ్లు. రాతిపొడి మీద ఉక్కు ముల్లు గీసుకుంటూ పోతే గుసగుసలాడక ఏం చేస్తుంది. ఆ లక్కలో పెద్ద భాగం మన దేశం నుంచే ఓడలెక్కేది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడింది రికార్డు చేసిన గ్రామఫోన్ కంపెనీయే, మరుసటి ఏడాది పారిస్‌లో పుణో అనే ఫ్రెంచి పియానిస్టు, గ్రీగ్ అనే నార్వే కంపోజర్ వాయించింది కూడా రికార్డు చేసింది. వాళ్లూ ఆవిడా ఒకే రకం కొమ్ము గొట్టం ముందు కూర్చుని, మూడు నిమిషాల్లో ముగించాలని తంటాలు పడ్డవాళ్లే.

సరే, ఎందుకు వినాలి అంటే. షోపాన్ 1849లో పోయాడు, లిస్ట్ 1886లో పోయాడు. ఎడిసన్ యంత్రం 1877లోనే వచ్చినా లిస్ట్ వాయించింది ఒక్క ముక్క మనకు దొరకలేదు. దొరికింది శిష్యులు, శిష్యుల శిష్యులు. అంటే మన గురుపరంపర లెక్కే. పైన చెప్పిన పుణో షోపాన్ శిష్యుడు మథియాస్ దగ్గర నేర్చుకున్నాడు. రోజెంటాల్ ఇంకో షోపాన్ శిష్యుడు మికూలి దగ్గర మొదలుపెట్టి తరవాత లిస్ట్ దగ్గరికి వెళ్లాడు. సావర్ లిస్ట్ శిష్యుడు, 1938లో డెబ్భై ఆరేళ్ల వయసులో లిస్ట్ కాన్చెర్టోలు రెండూ ఆర్కెస్ట్రాతో రికార్డు చేశాడు. పుస్తకంలో ఉన్న స్వరం ఒకటే, చేతి నుంచి చేతికి వచ్చిన నడక వేరే. కృతి నొటేషన్ చూసి పాడేవాడికీ గురువు దగ్గర పాఠాంతరంగా నేర్చుకున్నవాడికీ తేడా మన ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు, మహతి ఆడిటోరియంలో వెనక వరసలో కూర్చునే పెద్దాయన కూడా మొదటి చరణానికే పట్టేస్తాడు.

ఇప్పుడు తిట్లు.

ఒకటి, స్పీడు. పాత రికార్డులన్నీ 78 అని అంటాం గానీ మొదటి రోజుల్లో కంపెనీకో వేగం, ఒక్కోసారి రోజుకో వేగం. 74 దగ్గర రికార్డు చేసినదాన్ని 78 దగ్గర తిప్పితే అర శ్రుతి పెరుగుతుంది. ఈ పెన్‌డ్రైవ్‌లో వాయించినవాడి పేరు కూడా లేకుండా ‘చోపిన్ స్టడీ’ అని ఒక ఫైలు ఉంది. వినగానే తెలిసింది, షోపాన్ ‘బ్లాక్ కీస్’ ఎట్యూడ్ (సాధన కోసం రాసిన ముక్క) అది. కుడి చెయ్యి దాదాపు మొత్తం నల్ల కీల మీదే పరిగెత్తుతుంది కాబట్టి ఆ పేరు. మనవాళ్లకు ఇంకో రకంగా చెప్తాను, జి ఫ్లాట్‌ను షడ్జం అనుకుంటే ఆ అయిదు నల్ల కీలూ మోహన రాగం స్వరాలు, అందుకే మా పిల్లలకు మొదటిసారి వినిపించినా ఎక్కడో విన్నట్టే మొహం పెడతారు. సరే అని నా కీబోర్డు మీద దానితో పాటు వాయిద్దామని చెయ్యి పెడితే ఒక్క నల్ల కీ కూడా కలవట్లేదు. రెండు నిమిషాలు నా చెవులనే అనుమానించాను. తరవాత వెలిగింది. స్పీడు పెరిగి మొత్తం అర శ్రుతి పైకి జరిగింది, జి ఫ్లాట్ కాస్తా జి అయింది, అయిదు నల్ల కీల పక్కనా అయిదు తెల్ల కీలు, బ్లాక్ కీస్ ఎట్యూడ్‌లో కుడి చెయ్యి దాదాపు మొత్తం తెల్ల కీల మీద పడింది! నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నవ్వు పక్కన పెడితే ఇది చిన్న తప్పు కాదు, అసలే వేగమైన పియానిస్టు ఇంకా వేగంగా, గాభరాగా వినిపిస్తాడు, ‘పాతకాలం వాళ్లు తొందరపడి వాయించేవాళ్లు’ అని మనం తీర్పు చెప్పేస్తాం.

రెండు, పేపర్ రోల్స్‌ను రికార్డులతో కలిపేశాడు. 1904లో జర్మనీలో వెల్టే కంపెనీ ఒక యంత్రం తెచ్చింది, పియానిస్టు వాయిస్తుంటే కాగితం చుట్ట మీద గుర్తులు పడతాయి, తరవాత ఆ చిల్లుల కాగితాన్ని పియానోకి తగిలిస్తే అదే మీటుకుంటుంది. దాన్ని ఈ రోజుల్లో మంచి పియానో మీద తిప్పి రికార్డు చేస్తే తళతళలాడే శబ్దం వస్తుంది. రైనెకె అనే ఆయనది ఉంది ఇందులో, 1824లో పుట్టాడు, ఆయన పుట్టేనాటికి షోపాన్‌కు పద్నాలుగేళ్లు. ఏ రూపంలోనైనా వాయింపు మనకు మిగిలిన పియానిస్టులందరిలోకీ ముందు పుట్టినవాడు. అది తల్చుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. కానీ వింటే, తోలుబొమ్మలాట. బొమ్మ కదలికలన్నీ సరిగ్గానే ఉంటాయి, చెయ్యి ఎప్పుడు లేచిందో ఎప్పుడు పడిందో తెలుస్తుంది, మొహం మాత్రం కనపడదు. ఏ స్వరం మీద ఎంత బరువు వేశాడన్నది ఆ కాగితం చెప్పేదానికంటే యంత్రం ఊహించేదే ఎక్కువ. రోల్ అని ఫైలు పేరులో ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది. నేను ఒక సాయంత్రం మొత్తం ‘1905లోనే ఇంత క్లీన్ సౌండా’ అని ఆశ్చర్యపోయి తరవాత నాలుక కరుచుకున్నాను.

మూడోది అన్నిటికంటే పెద్దది, ఫిల్టర్. కొనేవాళ్లు “సార్, ఇది చెడిపోయింది” అని వెనక్కి తెస్తున్నారని, అన్న కంప్యూటర్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి సగం ఫైళ్లకు ఆ గుసగుస మొత్తం తుడిచేశాడు. తుడిస్తే పియానో కూడా తుడిచిపెట్టుకుపోయింది. స్వరం మొదట్లో సుత్తి తీగను తాకే ‘టక్’ పోయింది, చివర్లో మెల్లగా ఆరిపోయే తోక పోయింది, మిగిలింది బకెట్‌లో తల పెట్టి మాట్లాడినట్టు ఒక ‘బూం బూం’. ఎక్కడ పియానిస్టు మెల్లగా, అంటే చిన్న శబ్దంతో, వాయిస్తాడో అక్కడ సాఫ్ట్‌వేర్‌కు అది కూడా గీకుడే అనిపించి మింగేస్తుంది. మెల్లగా వాయించడంలోనే కదా వీళ్ల పనితనమంతా ఉండేది!

వెళ్లి గట్టిగానే అడిగాను. అన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టకుండానే విన్నాడు. “శబ్దం ఉంటే జనం కొనరు మ్మా, శబ్దం తీస్తే మీరు తిడతారు, నేనేం చేసేది” అన్నాడు. అదీ న్యాయమే. అసలు ఫైళ్లు ఉన్నాయా అంటే హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయన్నాడు. ఇంకో 100 తీసుకుని, ఆ సగాన్నీ ఫిల్టర్ లేకుండా మళ్లీ ఎక్కించాడు. స్పీడు మాత్రం తన వల్ల కాదన్నాడు. అందుకే శీర్షికలోనే రాశాను, అడిగి తీసుకోండి. స్పీడు సరిచూసి, గీకుడును అవసరమైనంతే తగ్గించి, మనసుపెట్టి చేసిన ట్రాన్స్‌ఫర్లు (పాత రికార్డుల నుంచి ఎక్కించిన కాపీలు) కావాలంటే మార్స్టన్, ఏపీఆర్, నాక్సోస్ హిస్టారికల్ లాంటి లేబుళ్లు ఉన్నాయి. మార్స్టన్ లేబుల్ నడిపే వార్డ్ మార్స్టన్‌కు చిన్నప్పటి నుంచీ చూపు లేదు, పనంతా చెవితోనే. డబ్బులుంటే అవే కొనండి. నా జేబుకు ఈ కొట్టు అందింది.

ఇక అసలు సరుకు. అన్నీ చెప్పను, రాత్రిళ్లు మళ్లీ మళ్లీ పెట్టుకునేవి మాత్రమే.

ఇగ్నాజ్ ఫ్రీడ్మన్ అనే పోలిష్ పియానిస్టు, షోపాన్ ఇ ఫ్లాట్ నాక్టర్న్ (రాత్రి వేళ భావంతో సాగే చిన్న ముక్క), ఓపస్ 55లో (ఓపస్ అంటే కంపోజర్ రచనల వరస నంబరు) రెండోది, 1936. ఈ ఒక్క ఫైలుకే 1,150 ఇవ్వొచ్చు. నాలుగు నిమిషాల చిల్లర ఉంటుంది, అంటే పన్నెండు అంగుళాల రికార్డు ఒక వైపుకు సరిగ్గా సరిపడేంత. ఎడమ చెయ్యి అలల్లాగా కింది నుంచి పైకి లేస్తుంటుంది, కుడి చేతిలో ఒక గొంతు పాడుతుంటుంది, కొంచెం పోయాక అదే చేతిలో కింద ఇంకో గొంతు లేస్తుంది. ఒకే చెయ్యి అని మీకు తెలిసినా నమ్మబుద్ధి కాదు. పైగొంతు సాగదీసి ఒక స్వరం మీద నిలబడి ఉంటే కిందిది దాని పక్క నుంచి తప్పుకుని ముందుకు పోతుంది, పెళ్లిలో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకే విషయం చెప్తూ ఒకరి మాటలో ఒకరు దూరినట్టు, ఎవరి మాటా తెగదు. రెండు చేతులూ కలిసి పడే చోట్లు వెతికాను, చాలా తక్కువ. ఎడమ చెయ్యి ఒక వెంట్రుకవాసి ముందు పడుతుంది, కుడి చెయ్యి తరవాత వచ్చి ఆ పునాది మీద కూర్చుంటుంది. మా పిల్లలు ఇలా వాయిస్తే నేను ఆపేసి “మళ్లీ మొదటి నుంచి” అంటాను. షోపాన్ తన శిష్యులకు ఎడమ చెయ్యి కాలం తప్పకూడదు, కుడి చెయ్యి స్వేచ్ఛగా పోవచ్చు అని చెప్పేవాడని ఆ శిష్యులే రాసిపెట్టారు. ఆ మాట నేను కూడా క్లాసులో వందసార్లు చెప్పి ఉంటాను, దాని అర్థం ఇప్పుడు విన్నాను. మృదంగం తన లెక్కలో తాను పోతుంటే పాట కాస్త ఆగి, కాస్త ఉరికి, వచ్చి సమంలో కలుస్తుంది చూడండి, అది. ఫ్రీడ్మన్ వాయించిన మజుర్కాలు (పోలండ్ జానపద నాట్యం నడకలో షోపాన్ రాసినవి) కూడా ఉన్నాయి ఇందులో, 1930 అటూ ఇటూవి, వాటిలో మూడు దెబ్బల తాళంలో రెండోది ఎంత కావాలంటే అంత సాగుతుంది, లెక్కపెట్టే ప్రయత్నం చేయకండి, కాలితో ఆడితేనే దొరుకుతుంది.

రహ్మానినోవ్ అనే రష్యన్ పియానిస్టు, షోపాన్ రెండో సొనాటా (కొన్ని భాగాలుగా ఉండే పెద్ద రచన), 1930. మూడో భాగం ఫ్యూనరల్ మార్చ్, అంటే శవయాత్ర నడక. మధ్యలో ఒక పాట వచ్చి, మార్చ్ మళ్లీ మొదలయ్యే చోట పుస్తకంలో మెల్లగా అని ఉంటుంది. ఈయన ఇల్లు కూలేంత గట్టిగా మొదలుపెట్టి, అక్కడి నుంచి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోతాడు. అంతకు ముందు తరం పియానిస్టు అంతోన్ రూబిన్‌స్టైన్ అలా వాయించేవాడట, అక్కడి నుంచి వచ్చింది. మొదటిసారి విన్నప్పుడు నాకు పియానో గుర్తురాలేదు. చిత్తూరు దగ్గర మా అవ్వగారి ఊళ్లో ఎవరైనా పోతే పలకలు, అంటే డప్పులు, కొడతారు. చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని వినేదాన్ని. ఊరి ఆ చివర ఎక్కడో డబడబ, దగ్గరకొచ్చే కొద్దీ గుండెల్లో కొట్టినట్టు, మన వాకిలి ముందుకు వచ్చేసరికి పక్కనున్న మనిషి నోరు ఆడటమే కనపడుతుంది మాట వినపడదు, దాటిపోయాక మర్రిచెట్టు మలుపు తిరిగి, వంక వైపు దిగి, ఇక వినపడుతోందో మనమే అనుకుంటున్నామో తెలీనంత. రహ్మానినోవ్ ఆ మనిషిని మన వాకిలి ముందు నుంచి తీసుకుపోతాడు. పుస్తకానికి వ్యతిరేకం అని పరీక్షలో మార్కులు కొట్టేస్తారు, నేనైతే ఆ ఫైలు అయ్యాక లేచి నీళ్లు తాగాను.

ఒక పక్కమాట. రహ్మానినోవ్ మొదటిసారి రికార్డు చేసింది 1919 ఏప్రిల్‌లో, ఎడిసన్ కంపెనీకి. అదే ఏడాది ఫిబ్రవరిలో టాగూర్ మన మదనపల్లెలో ఉన్నాడు, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే, దాని బాణీకి పాశ్చాత్య నొటేషన్ రాసింది మార్గరెట్ కజిన్స్, పియానో చదువుకున్న ఐరిష్ ఆవిడ. ఇంకా అదే ఏడాది పదెరెవ్‌స్కీ అనే పియానిస్టు పోలండ్ ప్రధానమంత్రి అయి వెర్సాయ్ సంధి మీద సంతకం పెట్టాడు. ఆయనవి కూడా ఈ పెన్‌డ్రైవ్‌లో బోలెడున్నాయి, 1911లో స్విట్జర్లాండ్‌లో తన ఇంటికే మెషిన్ తెప్పించుకుని మొదలుపెట్టాడు. అంత పేరున్న మనిషి, నాకు మాత్రం ఎక్కలేదు. చేతులు విడివిడిగా పడటం ఫ్రీడ్మన్ దగ్గర ఊపిరి లాంటిది, ఈయన దగ్గర అలవాటు లాంటిది, ప్రతి బార్‌లోనూ అదే. మీకు నచ్చితే చెప్పండి, మళ్లీ వింటాను.

కోర్టో అనే ఫ్రెంచి పియానిస్టు, షోపాన్ ప్రెల్యూడ్లు (చిన్న చిన్న ముక్కలు). తప్పు స్వరాలు ఎన్నో లెక్కలేదు, నిజంగానే, నాలుగో గ్రేడు పిల్ల కూడా పట్టుకుంటుంది. అప్పట్లో మైనం మీద ఒక్క దెబ్బలో రికార్డు కావాల్సిందే, మధ్యలో కత్తిరించి అతికించడం అనేది టేపు వచ్చిన తరవాతి సంగతి. నచ్చకపోతే మొత్తం మళ్లీ వాయించాలి. కోర్టో తప్పుల్ని అలాగే వదిలేశాడంటే ఆ టేక్‌లో ఇంకేదో దొరికిందన్నమాట. ఆ ఇంకేదో ఏమిటో వినాలంటే ముందు తప్పులు లెక్కపెట్టడం మానాలి. నాకు పది రోజులు పట్టింది, అదీ ఉద్యోగదోషం.

పఖ్‌మాన్ అనే పియానిస్టు ఒక వింత. ఒడెస్సాలో 1848లో పుట్టాడు, అంటే షోపాన్ ఇంకా బతికి ఉండగా. ముసలితనంలో, 1920ల్లో చేసిన కొన్ని రికార్డుల్లో వాయిస్తూ వాయిస్తూ మాట్లాడతాడు. హరిదాసు కథ ఆపి జనంతో రెండు ముక్కలు ముచ్చటాడినట్టు, తనను తానే మెచ్చుకుంటాడు కూడా. కచేరీల్లోనూ అంతేనట. కొందరు కోతిచేష్టలన్నారు, హ్యూనెకర్ అనే విమర్శకుడు ‘షోపాన్‌జీ’ అని చింపాంజీకి ప్రాస కట్టి పేరు పెట్టాడు. నిజంగా మెల్లగా వాయించే చోటకొస్తే మాత్రం ఆ వెక్కిరింత నోట్లోనే ఆగిపోతుంది. ఫిల్టర్ వేసిన కాపీలో సరిగ్గా ఆ చోట్లే మాయమయ్యాయని వేరే చెప్పాలా.

హోఫ్‌మన్ అనే పియానిస్టు గురించి రాయకపోతే మా స్టూడెంట్ ఒకమ్మాయి ఊరుకోదు. తొమ్మిదేళ్లది, “నా చేతులు చిన్నవి మిస్, ఆక్టేవ్ అందదు” అని, అంటే ఒక స నుంచి పై స దాకా చెయ్యి చాలదని, రోజూ ఏడుపు. హోఫ్‌మన్‌వి కూడా చిన్న చేతులే, స్టైన్‌వే వాళ్లు ఆయన కోసం కీలు కొంచెం సన్నగా చేసి ఇచ్చారు. పదకొండేళ్లకే 1887లో న్యూయార్క్‌లో వాయించి ఊపేశాడు, ఎన్ని కచేరీలు పెట్టారంటే పిల్లల మీద హింస ఆపే సంఘం వాళ్లు వచ్చి ఆపించారు, ఒక ధనవంతుడు 50,000 డాలర్లు ఇచ్చి పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా స్టేజీ ఎక్కించొద్దన్నాడు. ఈ కథ వరండాలో కూర్చునే తల్లిదండ్రులకు వినపడేలా కొంచెం గట్టిగానే చెప్పాను. పెన్‌డ్రైవ్‌లో ఆయన 1937 జూబ్లీ కచేరీ, 1938 కాసిమిర్ హాల్ కచేరీ ఉన్నాయి, స్టూడియోవి కాదు, జనం మధ్యలోవి, చప్పట్లతో సహా. ఒక పీసు అయ్యాక నేరుగా తరవాతి దాంట్లోకి దూకడు, చేతులతో రెండు మూడు కార్డ్స్ (ఒకేసారి నొక్కే స్వరాల గుత్తులు) అలా అలా వెతుక్కుంటూ ఆ శ్రుతిలోకి నడిచి వెళ్తాడు, రాగం అందుకునే ముందు మనవాళ్లు చిన్నగా ఆలాపన చేసినట్టే. ఎక్కడా ప్రోగ్రామ్ షీట్‌లో లేని ఆ పదేసి సెకన్ల ముక్కలు నాకు అసలు పీసులకంటే ఇష్టం.

ఆ అమ్మాయికి ఫ్రీడ్మన్ నాక్టర్న్ కూడా వినిపించాను. అంతా విని, “మిస్, ఎడమ చెయ్యి ముందు పడుతోంది కదా, పరీక్షలో ఇట్లా వాయిస్తే మార్కులు పోతాయా?” అంది. పోతాయి అన్నాను. “మరి ఇంట్లో?” అంది. ఇంట్లో నీ ఇష్టం అన్నాను. ఆ వారం నుంచి మెట్రోనోమ్ ఆపేసి ఒక పీసు, పెట్టి ఒక పీసు.

రేటింగ్ అంటే, ఫిల్టర్ వేసిన కాపీకి 5కు 2, వేయని కాపీకి 4. స్పీడు తప్పు, రోల్స్ కలగాపులగం, పేర్ల తప్పులు, వీటన్నిటికీ ఆ ఒక్క మార్కు పోయింది. కొట్టు ఆదివారం తీయడు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టర్ సగం దించి ఉంటుంది, వంగి “అన్నా” అని పిలిస్తే లోపలి నుంచి పలుకుతాడు. బండి సందు బయటే పెట్టుకోండి.